ఒక్కో కంటికి ఒక్కో తలుపు

సొట్టలు తీసిన కార్లకి రంగు కలిపే పనిలో ఆయన ముప్పయ్యొక్క ఏళ్ళు గడిపాడు. షెడ్డులో అందరూ రంగు మేస్త్రీ అనేవాళ్ళు. ఏ కారు తెచ్చి నిలబెట్టినా ఓసారి అటూ ఇటూ చూసి, చుక్క నలుపు, అరచుక్క ఎరుపు అంటూ కలిపేసేవాడు. పనయ్యాక చేతులు తుడుచుకుంటూ, "అతుకెక్కడుందో కనిపెట్టండి చూద్దాం" అనేవాడు. ఎవరూ కనిపెట్టలేదు. పని మానేసి రెండేళ్ళయినా ఆ మాట తలుచుకుంటే చెయ్యి మీసం మీదికి పోతుంది.

ఇంటి వీధి తలుపుకి మళ్ళీ రంగెయ్యాలని పాతదంతా ఉప్పుకాగితంతో గీకేసి అడుగుపూతగా ప్రైమర్ పూశాడు. అంతలో కంటాసుపత్రి నుంచి పిలుపొచ్చింది. కుడికంట్లో శుక్లం తీసేశారు. ఎడమది రెండు నెలలు ఆగి తీద్దామన్నారు. మూడు వారాలు నల్లకళ్ళద్దాలు తియ్యకుండా బుద్ధిగా కంట్లో చుక్కలు వేయించుకుని, ఒక పొద్దున డబ్బాలు ముందేసుకుని కూర్చున్నాడు. కొత్త కంటికి శ్రమ ఎందుకని అది మూసి, అలవాటైన ఎడమకన్ను చెప్పినట్టే ఆకుపచ్చ కలిపి, అట్టముక్క మీద పూసి, కుడికంటితో చూశాడు.

నీలం!

ఎడమకన్ను తెరిస్తే ఆకుపచ్చ. కుడికన్ను తెరిస్తే నీలం. రెండూ తెరిస్తే ఆ రెండూ కాని రంగేదో కదులుతోంది.

"ఏమే, ఇలా రా! ఇదేం రంగు?"

భార్య తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. "నీలం."

"నేను కలిపింది ఆకుపచ్చే. పాత తలుపు రంగే కలిపాను."

"పాత తలుపూ నీలమేగా."

"నీకేమైనా మతి పోయిందా? ఆరేళ్ళ కిందట నువ్వు ఆకుపచ్చ కావాలంటేనే గదా వేశాను!"

"నేను అడిగింది ఆకుపచ్చే. మీరు వేసింది నీలం. రంగు మేస్త్రీకి నేనేం చెప్పేదిలే అని ఊరుకున్నాను."

మేస్త్రీ తలుపు దగ్గరికి వెళ్ళాడు. తలుపు బందు వెనక, ఉప్పుకాగితం అందని సందులో వేలెడు పాత రంగు మిగిలుంది. వంగి కుడికంటితో చూశాడు. అనుమానం లేదు, నీలమే. మెట్టు మీద కూర్చున్నాడు. తలుపే ఇలా ఉంటే, పని చేసిన ఆఖరి సంవత్సరాల్లో రంగేసిన బళ్ళన్నీ ఎలా ఉన్నట్టు?

చొక్కా తగిలించుకుని టాక్సీ స్టాండుకి నడిచాడు. షెడ్డులో ఆయన ఆఖరుగా చేసిన తెల్లకారు అక్కడే ఉంటుంది. దాని ముందు నిలబడి ఒక కన్ను మూశాడు, తెరిచాడు, రెండోది మూశాడు. ఎడమకంటికి బండంతా ఒకే తెలుపు. కుడికంటికి ముందు చక్రం మీది రేకు నీళ్ళపాలలా నీలంగా ఉంది, మిగతాదంతా వెన్నరంగు. చంటిపిల్ల చూసినా చెప్పేస్తుంది.

"ఏంటి బాబాయ్, కన్ను కొడుతున్నావ్ నా బండికి?" అంటూ డ్రైవర్ వచ్చాడు.

"ఈ రేకు మొదట్నించీ ఇలాగే ఉందా?"

డ్రైవర్ బుర్ర గోక్కున్నాడు. "ఎండకి మారిందేమోలే."

"నిజం చెప్పరా."

"మొదట్నించీ ఇంతే బాబాయ్. అడుగుదామనుకున్నా. ఈలోగా నువ్వు అతుకు కనిపెట్టమన్నావు. ఇంకేం అడగను? బండి పరిగెత్తడానికేం లోటు రాలేదుగా."

ఇంటికొచ్చాడు గానీ కాలు నిలవలేదు. ఇన్నాళ్ళూ సున్నం గోడ అనుకున్న వంటింటి గోడ ఒక కంటికి గంధంలా, ఇంకో కంటికి కాగితంలా ఉంది. ఆసుపత్రికి ఫోన్ చేశాడు. "కొత్త కంటితో కనిపించేదే అసలు రంగు. ముదిరిన శుక్లం పసుపుపచ్చగా మారుతుంది, అందులోంచి నీలం కూడా ఆకుపచ్చలా కనిపిస్తుంది," అన్నాడు డాక్టరు.

"లోకం మరీ ఇంత నీలంగా ఉంటుందాండీ?" అని అడిగాడు మేస్త్రీ. అవతల నవ్వు వినిపించింది. ఆయన నవ్వలేకపోయాడు. ఏ రంగుకి ఏ రంగు చేరిస్తే ఏమొస్తుందో చేతికి తెలుసు. వచ్చిందో లేదో చెప్పడానికి డాక్టరన్న కొత్త కంటిని నమ్మాలో, అలవాటైన పాత కంటిని నమ్మాలో తేలడం లేదు.

నాలుగు రోజులు తలుపు బూడిదరంగు ప్రైమర్‌తోనే నిలబడింది. ఐదో రోజు భార్య, "ఇంకెన్నాళ్ళు? పక్కింటావిడ ఇల్లు అమ్ముతున్నారా అని అడుగుతోంది" అంది.

మేస్త్రీ ఆ నీలం డబ్బా తెరిచి, కలిపే పుల్ల ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వే కలుపు. నువ్వనుకున్న ఆకుపచ్చ వచ్చాక ఆపు."

"నాకేం వచ్చండీ?"

"చూడ్డం వచ్చుగా. పచ్చ ఇంకొంచెం పొయ్యి."

"ఏ పచ్చ? పసుపుపచ్చా, ఆకుపచ్చా?"

"పసుపుపచ్చే! గట్టిగా తిప్పు, అడుగంటుతుంది."

ఆమె పోసింది, తిప్పింది, అట్టకి పూసి ఎండలో పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ పోసింది. మేస్త్రీ చూడకూడదనుకుంటూనే కళ్ళు మార్చి మార్చి చూస్తున్నాడు. "ఎక్కువైందేమోనే" అనబోయి ఆగాడు. ఏ కంటిని నమ్మి అంటాడు?

"ఇదండీ! ఇదే అప్పుడు నేనడిగింది" అందామె.

మధ్యాహ్నానికి ఒక పూత, మర్నాడు రెండో పూత పడ్డాయి. కుంచె మాత్రం ఆయనదే. ఆరాక ఇద్దరూ వీధిలోకి వెళ్ళి నిలబడ్డారు. ఆయన అటో కన్ను, ఇటో కన్ను మూసి చాలాసేపు చూశాడు.

"నచ్చిందా నీకు?"

"నచ్చింది" అందామె. "కానీ ఆరేళ్ళు ఆ నీలమే చూసీ చూసీ... ఇప్పుడిది మన ఇల్లేనా అనిపిస్తోంది. మీకో?"

"నాకింకా తెలియట్లేదే" అన్నాడాయన. ఏదీ తేల్చుకోకుండానే, కిరసనాయిల్లో నానేసిన కుంచెలు కడగడానికి పెరట్లోకి వెళ్ళాడు.