ఉంగరపు వేలు

గిటార్ మాస్టారి కుడిచేయి ఇంట్లో ఏ పనీ చెయ్యదు. తలుపు గడియ తియ్యదు, సంచీ మొయ్యదు, సీసా మూత తిప్పదు. గోరు విరిగితే స్వరం విరిగినట్టేనని ఆయన లెక్క. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని సన్నటి ఆకురాయితో గోళ్లు అరగదీసుకుంటారు. “పెళ్లికూతురికి కూడా ఇంత ముస్తాబు ఉండదు,” అని భార్య నవ్వేది. ఈమధ్య నవ్వడం మానేసింది. ఎందుకని ఆయన అడగలేదు. ఆదివారం కచేరీ. కొన్నాళ్లుగా కుడిచేతి ఉంగరపు వేలు చెప్పినమాట వినడం లేదు. తీగ మీదికి పొమ్మంటే దానంతటదే అరచేతిలోకి ముడుచుకుపోతోంది. ఎవరి కంటా పడకుండా ఆ చేతిని జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. మిగతా వేళ్లు బాగానే ఉన్నాయి కదా, ఎలాగో గట్టెక్కుతాననుకున్నారు.

వయొలిన్ వాయించే తమ్ముడు, చెల్లో అనే పెద్ద వయొలిన్ వాయించే భార్య, తనూ ముందుగదిలో సాధనకు కూర్చున్నారు. వేగం అందుకునే చోటు దగ్గరపడేసరికి మాస్టారి మెడ వెనక చెమట పట్టింది. వేలు ముడుచుకుంది. అయినా స్వరం పలికింది.

“ఇవాళ అక్కడ భలే కుదిరిందన్నయ్యా,” అన్నాడు తమ్ముడు.

“మళ్లీ వాయిద్దాం,” అన్నారు మాస్టారు. ఈసారి ఆయన భార్య వైపే చూస్తూ వాయించారు. ఆమె కమాను పట్టుకున్న చేత్తోనే తన చెల్లో తీగను మెల్లగా మీటుతోంది; కళ్లు స్వరాల కాగితం మీంచి ఎత్తలేదు. ఆయన ఉంగరపు వేలి స్వరాలే కాదు, బాగానే ఉందనుకున్న మధ్యవేలి స్వరాలు కూడా ఆమే మీటుతోంది.