మా ఇంటికి మళ్లీ రాని ధర

నా చిన్నప్పుడు మేము ఏటిగట్టుకు లోపలివైపు, గోదావరి పాయ పక్కనున్న లంకలో ఉండేవాళ్లం. మా నాన్న అక్కడి మిషను బడిలో మేష్టారు. మాది పెంకుటిల్లు. వెనక కొబ్బరిచెట్లు, ఆ వెనక అరటితోటలు. ఏరు ఇంటికి దగ్గరేమీ కాదు. స్నానం చేసి ఇంటికి వచ్చేసరికి తడి జుట్టు సగం ఆరిపోయేది.

ఒక ఏడాది పెద్ద వరద వచ్చింది. కిటికీల దాకా నీళ్లు. మేమంతా గట్టు మీద తాటాకుల పాకలో తలదాచుకున్నాం. నీళ్లు తీశాక ఇంట్లో పేరుకున్న ఒండ్రు ఎత్తిపోస్తూ అమ్మ, ఇక ఇక్కడ వద్దండి, గట్టు అవతల చిన్న ఇల్లయినా చాలు అంది. నాన్న మనసులోనూ అదే ఉంది. కానీ అక్కడ ఇల్లు కొనాలంటే ఇక్కడిది అమ్మాలి. వరద తర్వాత లంకలో ఇల్లు కొంటామని అడిగే దిక్కే లేదు.

చివరికి రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసే ఒకాయన వచ్చాడు. తోటల మీదికి వచ్చినప్పుడు ఉండడానికి ఆయనకొక ఇల్లు కావాలి. ఆయన చెప్పిన ధర వరదకు ముందున్న దాంట్లో సగం కూడా లేదు. నాన్న ఆలోచించి చెబుతానన్నారు.

ఆ రోజు నుంచి సాయంత్రాలు నాన్న ఊళ్లోని పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. నేనూ వెంట వెళ్లేదాన్ని. వెనకటి వరదల తర్వాత ఇళ్ల ధరలు ఏమయ్యాయని ఆయన ఒక్కొక్కరినీ అడిగేవారు. అందరిదీ ఒకటే జవాబు. “ఆయ్, మా నాన్నప్పుడూ ఇంతేనండి. రెండు పంటలు చేతికొచ్చాక ఎగబడి కొన్నారండి” అన్నాడు ఒక ముసలాయన. ఆ మాటలు వింటూంటే నాన్న ముఖం తేటపడేది. ఇంటికి వస్తూ దారిలో నాకు లెక్క చెప్పినట్టు చెప్పేవారు. ఒకసారి పడింది, లేచింది. ఇంకోసారి పడింది, లేచింది. మరి ఈసారి ఏమవుతుంది? లేస్తుంది అనేదాన్ని. నాన్న నా తల నిమిరేవారు. అది నాకెంతో గొప్పగా ఉండేది.

మరుసటి ఏడు ధరలు నిజంగానే కొంచెం లేచాయి. రావులపాలెం ఆయన మళ్లీ వచ్చి ఇంకాస్త ఎక్కువ ఇస్తానన్నాడు. అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి, “ఇచ్చేద్దామండి, దేవుడు రెండోసారి పంపించాడు” అంది. నాన్న ఇంకొక్క ఏడాది చూద్దామన్నారు. ఆయన మాటలో పొగరు లేదు. ఊరి పెద్దలందరూ చెప్పింది కళ్లెదుట జరగడం మొదలైంది. అలాంటప్పుడు ఎవరైనా అలాగే అంటారు.

ఆ వానాకాలం ఏరు మా వైపు కొయ్యడం మొదలుపెట్టింది. వరదేమీ రాలేదు. నీళ్లు ప్రశాంతంగానే కనిపించేవి, ఒడ్డు మాత్రం అడుగునుంచి కరిగిపోయేది. అన్నం తింటూంటే ఎక్కడో ధబ్బున చప్పుడయ్యేది. వెళ్లి చూస్తే గెలలతో సహా అరటిచెట్ల వరస ఒకటి నీళ్లలో ఉండేది.

అప్పుడు మా నాయనమ్మ, అవతలి ఒడ్డున ఉన్న తన తోటికోడలికి ఒంట్లో బాగోలేదని, చూసి వద్దామని నాన్నను బయల్దేరదీసింది. నన్నూ తీసుకెళ్లింది. పడవ పాయ మధ్యకు వచ్చాక “ఇక్కడ కాస్త ఆపు బాబూ” అని పడవవాడితో అంది. అతను గెడ దించి ఆపాడు.

“నువ్వు పుట్టిన వీధి ఇదేరా” అంది నాన్నతో.

నాన్న నీళ్ల వంక చూశారు. నేనూ చూశాను. పచ్చటి నీళ్లు, అంతే. నాన్న చిన్నతనమంతా దూరంగా బోర్డింగు బడిలో గడిచింది. పాత ఇల్లు ఏట్లో కలిసిందని విన్నారు గానీ, అది ఎక్కడుండేదో ఆయనకు ఎవరూ చూపించలేదు. ఆయనా అడగలేదు.

అవతలి ఒడ్డున ఆ తోటికోడలు, మా పెద్ద నాయనమ్మ, నిక్షేపంగా ఉంది. వాకిట్లో కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. నాన్న ధర కోసం ఆగుతున్న సంగతి నాయనమ్మ చెప్పగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

“మీ పెదనాన్న కూడా నీలాగే అందర్నీ అడిగాడు బాబూ. ధర మళ్లీ వస్తుందనే అన్నారు. అన్నవాళ్ల ఇళ్లకి వచ్చింది మరి. వాళ్లు అబద్ధం ఆడలేదు.”

“రానివాళ్లూ ఉన్నారా దొడ్డమ్మా?”

“లేకేం? మా వీధి వీధంతా అంతే. కానీ వాళ్లు ఆ ఊళ్లో ఉంటే కదా నీకు చెప్పడానికి! తలో దిక్కూ పోయారు. నేను ఇక్కడికొచ్చి పడ్డాను.”

తిరిగి వచ్చేటప్పుడు పడవలో నాన్న, ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగారు. నాయనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “నాకూ వస్తుందనే ఆశ నాయనా. నా కొడుకు ఇల్లు కదా” అంది.

మర్నాడే నాన్న రావులపాలెం వెళ్లి వ్యాపారిని వెంటబెట్టుకొచ్చారు. ఆయన పెరట్లోంచి నడిచి ఒడ్డు చివర నిలబడి చూశాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు జాగ్రత్తగా అరుగు మీద పెట్టాడు. “నన్నేం చెయ్యమంటారండి మేష్టారూ” అన్నాడు. ఆ గొంతులో ఎత్తిపొడుపు లేదు. కొనకుండానే వెళ్లిపోయాడు. మళ్లీ వర్షాలు మొదలయ్యేలోగా పెంకులు, దూలాలు, తలుపులు విప్పించి గట్టు అవతలికి చేర్చారు. గోడలు మాత్రం అక్కడే వదిలేశాం. నాన్న బతికినంత కాలం అద్దె ఇళ్లలోనే ఉన్నాం.

ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ లంకలోనే రెండో చివర ఉన్న ఇళ్లకు ధర మళ్లీ వచ్చింది, మునుపటికంటే ఎక్కువే వచ్చింది. అక్కడి వాళ్లు ఇప్పటికీ, వరద పోయాక ధర దానంతటదే వస్తుందండీ అంటారు. వాళ్ల అనుభవం వాళ్లది.

నేను ఉద్యోగం నుంచి రిటైరై ఇప్పుడు ధవళేశ్వరంలో ఉంటున్నాను. ఈమధ్య మా అమ్మాయి, అల్లుడు వచ్చారు. రేట్లు ఎగబాకుతున్న రోజుల్లో రాజమండ్రి శివార్లలో ఫ్లాటు కొన్నారు. ఇప్పుడు దాన్ని అడిగేవాళ్లు లేరు. అల్లుడికి విశాఖ బదిలీ అయింది. అమ్మాలో, ఆగాలో తేలడం లేదు. అతను ఫోనులో ఒక గ్రాఫు తెరిచి చూపించాడు. “చూడండి అత్తయ్యగారూ, పోయినసారి కూడా ఇలాగే పడి మళ్లీ లేచింది. అంతకుముందూ అంతే.” ఆ గీత నిజంగానే ప్రతిసారీ పైకి లేస్తోంది. అతని ముఖంలో కనిపించిన ఊరట నాకు బాగా తెలిసిందే.

నేను వాళ్లకు మా లంక సంగతంతా చెప్పాను. అమ్మాయి శ్రద్ధగా విని, “అంటే అమ్మేయమంటావా అమ్మా?” అంది. అలా అనలేదన్నాను. పోనీ ఆగమంటావా అంది. అదీ అనలేకపోయాను. వాళ్లు కాఫీ తాగి, ఏదీ తేల్చుకోకుండానే వెళ్లిపోయారు.

ఆ పడవ ప్రయాణం నాకు నేర్పింది ఇంతే. పోయినసారి మళ్లీ వచ్చింది కదా అని ఎవరైనా ధైర్యం చెబితే, వినడానికి బాగానే ఉంటుంది. కానీ నా మనసు వెంటనే, అలా ధర తిరిగి రానివాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో అని వెతకడం మొదలుపెడుతుంది. వెతికితే ఎక్కడో ఒకచోట దొరుకుతారు. తమకేం జరిగిందో చెబుతారు. మనకేం జరగబోతుందో వాళ్లకూ తెలియదు.