హెల్మెట్ పెట్టుకొని కొన్న జీపీఎస్

"బండి అమ్మకు యాదమ్మా."

"అమ్మనే అమ్మను. నేనే నడుపుత."

దవాఖానలో మా ఆయనకూ నాకూ అవే ఆఖరి మాటలు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఆయన మోటార్ సైకిల్ మీదే ఎల్బీనగర్ ఇళ్లకు భోజనం క్యారియర్లు చేర్చేదాన్ని. బోర్డులు చదవలేక దారి తప్పితే గిరాకీ పోయేది. అందుకే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక దుకాణానికి వెళ్లి, నాకు చదువు రాదని చెప్పి, నాకు అర్థమయ్యే హిందీలో దారి చెప్పే చవక జీపీఎస్ అడిగాను.

"చదువు రానోళ్లకు గిదెందుకమ్మా?" అని దుకాణదారు నవ్వాడు.

"చదువొచ్చినోళ్లకు బోర్డులున్నయ్ గద బిడ్డా. గిది కావాల్సింది నాకే!"

అప్పుడే బయట డప్పులతో ర్యాలీ వచ్చింది. బండి మీద రోడ్డు గోలలో వినబడేది ఏదో తెలియాలని, నేను హెల్మెట్ పెట్టుకొని గడపలో నిలబడి, దుకాణంలోని జీపీఎస్‌లన్నీ మోగించమన్నాను. పెద్ద తెరవి వినబడలేదు. ఒక చిన్నది మాత్రం 'జై తెలంగాణ' నినాదాల మధ్య కూడా గట్టిగా పలికింది. అదే కొన్నాను. మా కోడలు గిరాకీల ఇళ్ల చిరునామాలన్నీ అందులో ఎక్కించింది. ఒక్క గిరాకీ కూడా మళ్లీ పోలేదు.

రాసుడైందా కోడలా? జర చదువు, ఆ దుకాణపోని మాట మెత్తగ చేసి రాసినవేమో వింట.