ఆయమ్మ మోయించిన నీళ్ళు

మొన్న బుధవారం సాయంత్రం మా అమ్మాయి బడి నుంచి వచ్చి, బ్యాగు కూడా దించకుండా గుమ్మంలోనే నిలబడిపోయింది. "మా, ఆయమ్మ పోయిందంట. పొద్దున గుండెనొప్పి వచ్చినాదంట. ఆస్పత్రికి తీస్కపోయేలోపలే..." అని ఆగిపోయింది. ఆమె పట్ల నేను చేసిన పని ఒకటి ఉంది. అది దాచిపెట్టి ఆమెను తలచుకోవడం నాకు చేతకాదు.

మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. పోయినేడాది మా ఆయనకు ఆదోనిలో బట్టలకొట్లో పని దొరికితే ఇక్కడికి వచ్చేశాము. అమ్మాయిని తొమ్మిదో తరగతిలో, ఆడపిల్లల హైస్కూల్లో చేర్పించాము. అక్కడున్న పిల్లలంతా ఆరో తరగతి నుంచీ కలిసి చదువుతున్నవాళ్ళు. ఏ బెంచీ మీద ఎవరు కూర్చోవాలో, ఎవరి డబ్బాలో కూర ఎవరు తినాలో వాళ్ళకు ఎప్పుడో కుదిరిపోయింది. మా పిల్లకు అందులో చోటు దొరకలేదు. నేను రోజూ వాకిట్లోనే అడిగేదాన్ని: "ఈపొద్దు ఎవరితోనన్నా మాట్లాడినావా?" తల అడ్డంగా ఊపేది. కొన్నాళ్ళకు కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. ఒకరోజు యూనిఫారం వేసుకోనని కూర్చుంది. "నన్ను ఎమ్మిగనూరుకు పంపియ్యి, అవ్వ కాడ ఉంటా. లేకుంటే సదువే వద్దు" అంది.

ఆయమ్మ ఆ బడిలో గంట కొట్టేది, గదులు ఊడ్చేది, చెట్లకు నీళ్ళు పోసేది. సన్నటి మనిషి, ఎడమ మోకాలు నొప్పితో కొంచెం వంగి నడిచేది. గాజులకు ఎప్పుడూ అరడజను పిన్నీసులు తగిలించుకుని ఉండేది. హుక్కు ఊడినా, చున్నీ జారినా పిల్లలు ఆమె దగ్గరికే పరుగెత్తేవాళ్ళు. ఏమైంది, ఎట్లా అయింది అని అడిగేది కాదంట. పిన్ను పెట్టి వీపు తట్టి పంపేదంట.

మా పిల్ల నీళ్ళట్యాంకు వెనక ఒక్కతే కూర్చుని తింటుంటే ఆమె చూసింది. అప్పుడూ ఏమీ అడగలేదు. "రేపట్నుంచి సెట్లకు నీళ్ళు పొయ్యల్ల, తినినాక రా" అంది. మరుసటిరోజు పోతే పెద్ద నీలం టబ్బు చూపించింది. రెండు పక్కలా రెండు పిడులు, ఒక్కరితో లేవదు. రెండో పిడి దగ్గర బి సెక్షన్ అమ్మాయి నిలబడి ఉంది. పేరు రుక్సానా. హాలహర్వి దారిలోని ఒక పల్లె నుంచి బస్సులో వస్తుంది. ఆ పిల్ల కూడా ఆ ఏడే చేరింది.

ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పుడు నాకు కనబడింది తడిసిన యూనిఫారం, అరచేతుల్లో ఎర్రటి చారలు. ఎవరు చేయించారంటే "ఆయమ్మ" అంది. మరుసటిరోజు పొద్దున్నే హెడ్‌మిస్ట్రెస్ గదికి పోయి, "మా పిల్లను సదువుకోను పంపినామా, నీళ్ళు మోసేదానికా?" అని అరిచాను. మా అమ్మాయి ఒంటరితనం మీద నాకున్న కోపమంతా ఆ గదిలో కక్కేశాను. ఆయమ్మను పిలిపించారు. ఆమె నా వైపు ఒకసారి చూసింది. "మోపిచ్చినా మేడం, తప్పే" అంది, అంతే. ఎందుకు మోయించిందో చెప్పి ఉంటే పిల్ల సంగతి నలుగురిలో పడేది. అందుకే చెప్పలేదని ఇప్పుడు అనుకుంటాను.

వారం తిరక్కుండానే ఆమెను ఊరికి ఆ చివరనున్న చిన్నబడికి మార్చారు. ఆ సాయంత్రం మా పిల్ల నా మీద విరుచుకుపడింది. "ఆ బడిలో నాతో మాట్లాడేది రుక్సానా ఒక్కతే. మా క్లాసులు వేరే. టబ్బు మోసేటప్పుడు తప్ప మేము కలిసేదే లేదు. దాన్ని గూడ తీసేస్తివి!"

మరుసటిరోజే చిన్నబడికి పోయాను. ఆయమ్మ కొళాయి దగ్గర పసిపిల్లల చేతులు కడుగుతూ ఉంది. "అక్కా, తెలీక చేసినా" అంటే, చెయ్యి తుడుచుకుని అరుగు మీద కూర్చోబెట్టింది.

"తల్లివి, నీకు ముందే సెప్పల్సింది. సెప్పకపోవడం నా తప్పు. ఒక మాట సెప్తా, యేమనుకోవాకు. ఇంటికి రాంగానే ఎవరితో మాట్లాడినావని అడుగుతావంట. ఆ పిల్లకు అది దినామూ పరీచ్చ మాదిరి ఉండాది. లేదని సెప్పలేక కడుపునొప్పి అంటాది. అడగాకు."

"మరి నన్నేం చేయమంటావక్కా?"

"రుక్సానా బస్సు రావల్లంటే బడి ఇడిసినాక గంట పడతాది. ఒక్కతే బస్టాండులో కూసోనుంటాది. ఆ గంట మీ ఇంట్లో కూసోనీ. నువ్వు మాత్రం మధ్యలో కూసోవాకు. ఒక్కరుంటే సాలమ్మా, బడికి పోబుద్దయితాది."

రుక్సానా వచ్చింది. మొదటి రెండు రోజులు ఇద్దరూ లెక్కల పుస్తకం చూస్తూ కూర్చున్నారు. మూడోరోజు వంటింట్లో ఉన్న నాకు నవ్వు వినిపించింది. ఆదోనికి వచ్చాక మా పిల్ల నవ్వడం వినడం నాకు అదే మొదలు. చేతిలో గరిటె పట్టుకుని కదలకుండా నిలబడ్డాను. ఇప్పుడు పదో తరగతి. మధ్యాహ్నం ఇంకో ఇద్దరు పిల్లలు చేరి నలుగురూ కలిసి తింటారు. ఒక్కోసారి పోట్లాడుకుంటారు కూడా.

ఆయమ్మను మళ్ళీ పాత బడికి తెప్పించమని హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికి రెండుసార్లు పోయాను. "అది నా చేతుల్లో లేదమ్మా" అన్నారు. నా నోటితో అన్న మాటను వెనక్కి తీసుకునే దారి ఆ బడిలో లేకపోయింది. చనిపోయేదాకా ఆమె ఆ మోకాలితోనే ఊరు దాటి నడిచింది. పిల్లలిద్దరూ అప్పుడప్పుడు పోయి చూసి వచ్చేవాళ్ళు. నేను మాత్రం మళ్ళీ పోలేదు. దసరాకు చీర తీసుకుని పోదామనుకున్నాను, తర్వాత పోవచ్చులే అనుకున్నాను. మొహం చెల్లలేదన్నదే నిజం.

గురువారం నేనూ పిల్లలిద్దరూ ఆయమ్మ ఇంటికి పోయాము. పత్తి మార్కెట్టుకు పోయే లారీల దారి పక్కనే ఇల్లు. ముందర షామియానా వేశారు. నన్ను ఎవరూ గుర్తుపట్టలేదు. లారీ పోయినప్పుడల్లా పత్తి పింజలు లేచి మెల్లగా కిందికి దిగుతున్నాయి. షామియానా మీద, వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళ కొంగుల మీద, పక్కపక్కన నిలబడి ఏడుస్తున్న ఆ ఇద్దరి జడల మీద. ఎవరూ వాటిని దులుపుకోలేదు.