పిన్నితో ఫైటింగు సినిమాలు

మొన్న రాజోలు నుంచి అమలాపురం వస్తున్న బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రాడు ఫోనులో ఫైటింగు సీను పెట్టుకున్నాడు. చెవుల్లో పెట్టుకునే వైర్లు ఇంట్లో మరిచిపోయాడో, బస్సులో అందరికీ ఉచితంగా చూపిద్దామన్న దానగుణమో తెలియదు గానీ, ఆ సౌండుకి డ్రైవరు గేరుబాక్సు పోయిందేమోనని రెండుసార్లు కిందకి చూసుకున్నాడు. హీరో ఒకణ్ణి చెంప మీద కొట్టాడు. వాడు గాల్లో పల్టీలు కొట్టి, కొబ్బరిబొండాల బండి మీద పడి, వెంటనే లేచి, "నేనెవరో తెలుసా?" అన్నాడు. "అబ్బే, ఇంకా చెవి గుయ్యిమంటూంటే అప్పుడే ఎలా మాట్లాడతాడు?" అని నా నోట్లోంచి వచ్చేసింది. కుర్రాడు నన్ను ఎగాదిగా చూసి సీటు చివరికి జరిగాడు. ఆ మాట నాది కాదు బాబూ, మా పిన్నిది అని చెబుదామనుకున్నాను. మొదలుపెడితే మధ్యలోనే అమలాపురం వచ్చేస్తుంది. అందుకని వాడికి చెప్పాల్సింది మీకు చెబుతున్నాను. మీరైతే సీటు జరగలేరు.

పిన్ని అంటే మా అమ్మకి ఆఖరి చెల్లెలు. వాళ్ళది ముక్తేశ్వరం. కూతురు, అంటే నాకు చెల్లి, రెండో తరగతిలో ఉండగా కువైట్‌లో ఒకరింట్లో పనికి వెళ్ళింది. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద వచ్చేది. బాబాయి ఇక్కడే ఉండేవాడు. ఏం చేసేవాడని అడక్కండి, ఉండేవాడు. అదీ చిన్న పని కాదు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని, మీసం దువ్వుకుని, సెంటర్లో టీకొట్టు దగ్గర కూర్చుని కువైట్ సంగతులు చెప్పాలి. ఆ దేశం మొహం చూడనివాడు దాని గురించి అన్నేసి సంగతులు చెప్పాలంటే ఎంత తెలివి కావాలి! నాకంత తెలివి లేదు. బడికీ నాకూ ఎనిమిదో తరగతిలోనే విడాకులైపోయాయి కాబట్టి ఆటో తోలుకునేవాణ్ణి. పిన్ని సెలవుకి వచ్చిందంటే నా ఆటో ఆవిడదే. మిగతా గల్ఫువాళ్ళు సెలవుకొస్తే అన్నవరమో తిరుపతో వెళతారు. పిన్ని మాత్రం అమలాపురం థియేటర్లకి తీసుకెళ్ళమనేది. "అక్కడ దేవుణ్ణి రోజూ పిలుస్తూనే ఉన్నాన్రా. వచ్చిన రెండ్నెల్లయినా ఆయన్ని కాస్త పడుకోనివ్వాలి కదా," అనేది.

చెల్లికి ప్రేమ సినిమాలిష్టం, బాబాయికి డాన్సులిష్టం, నాకు ఏసీ ఇష్టం. టిక్కెట్లు కొనేది పిన్ని కాబట్టి మేం చూసేవి ఫైటింగు సినిమాలు. పోస్టరు మీద హీరో చేతిలో కత్తో గొడ్డలో ఉండాలి. పువ్వు కనిపించిందంటే ఆటో ముందుకి పోనిమ్మనేది. మ్యాటినీకి వెళ్ళేవాళ్ళం. పిన్ని కువైట్ సెంటుకి మా వరసతో పాటు ముందు వరస కూడా తుమ్మేది. బాబాయి నల్లకళ్ళద్దాలు హాల్లో కూడా తీసేవాడు కాదు, ఆయనకి సినిమా అంతా చీకటిపడ్డాక జరిగినట్టే ఉండేది. పిన్ని నన్నెప్పుడూ తన కుడిపక్కన కూర్చోమనేది, ఎడమ చెవి సరిగ్గా వినపడదని. ఒళ్ళో పిస్తాపప్పుల పొట్లం పెట్టుకుని, ఒక్కో దెబ్బకీ ఒక్కో తొక్క ఊస్తూ తీర్పులు చెప్పేది. "అబ్బే, ఇది తప్పురా అబ్బాయ్. డొక్కలో తన్ను తిన్నవాడు అరవడు. అరవడానికి ఊపిరుండాలి కదా." "ఆ జుట్టు పట్టుకోవడం చూడు, సవరదీసుకుంటున్నట్టు! కుదుళ్ళ దగ్గర పట్టుకుని మెలితిప్పితేనే మనిషి ఒంగేది." "చెంప పగిలితే చెవి గుయ్యిమంటుంది. వీడికి డైలాగెలా గుర్తొస్తంది?" వెనక వరసల వాళ్ళు సినిమా మానేసి పిన్నిని వినేవారు. మేం పడీ పడీ నవ్వేవాళ్ళం. కువైట్‌లో పనిచేసే ఇంట్లో పెద్ద టీవీలో కుస్తీలు చూసి నేర్చుకుందనుకున్నాం. ఒకసారి చెవి వెనక కుట్లు పడిన మచ్చ చూసి చెల్లి అడిగితే, వంటింటి అలమార తలుపు తగిలిందని చెప్పింది. సరేననుకున్నాం. బాబాయి కూడా పిన్ని మీద చెయ్యి చేసుకునేవాడు. సెలవు మొదటి వారం ఆ చెయ్యి జేబులో ఉండేది, సూట్‌కేసులు ఖాళీ అయ్యాక బయటికొచ్చేది. అదీ ఇంటి సంగతే కదా అని సరేననుకున్నాం. సరేననుకోవడంలో మా ఇంటిల్లిపాదికీ మంచి పేరుంది.

చెల్లి ఇంటర్ పాసైన ఏడు పిన్ని సెలవుకి వచ్చేసరికి ఇంట్లో ఒక వార్త సిద్ధంగా ఉంది. పిన్ని పనిచేసే ఇంటావిడకి మంచం పట్టిన అత్తగారిని చూసుకోడానికి చిన్నపిల్ల కావాలట. ఏజెంటు బాబాయికి కబురు చేశాడు, బాబాయి టీ గ్లాసు దించకుండానే ఒప్పేసుకున్నాడు. చెల్లికేమో కాకినాడలో నర్సు చదువు చదవాలని ఉంది. అక్కడ ఇంటిపనికి అంత చిన్నపిల్లల్ని రానివ్వరని, ఏజెంటు కాగితాల్లో వయసు పెంచి పిల్లని దాదాపు తల్లి ఈడుదాన్ని చేసేశాడు. "ఇప్పుడిద్దరూ అక్కచెల్లెళ్ళండీ," అని బాబాయి టీకొట్టు దగ్గర మురిసిపోయాడు. పిన్ని వచ్చిన రోజునుంచీ "పిల్లనొద్దండి" అంటూనే ఉంది. "చూద్దాంలే" అంటూనే బాబాయి పాస్‌పోర్టు కూడా తీయించేశాడు. ఆ ఆదివారం మ్యాటినీ అయ్యాక థియేటర్ ఎదురుగా ఏజెంటు వస్తాడు, పాస్‌పోర్టు చేతికిచ్చెయ్యాలి. అది వాడి చేతిలో పడిందంటే చెల్లి విమానమెక్కినట్టే. ఆ సంగతి బాబాయి మాకు ఆటోలో చెప్పాడు. పాస్‌పోర్టు ఆయన చొక్కా జేబులోంచి మూల బయటపెట్టి మమ్మల్ని చూస్తోంది.

ఆ రోజు సినిమాలో విలన్‌కి అయిదు వేళ్ళకీ ఉంగరాలు. పనిమనిషిని గోడకి ఆనించి, తన చెయ్యి తిరగేసి కొట్టాడు. పిన్ని ఏదో ఒకటి అంటుందని వెనక వరస ఎదురుచూసింది, నేనూ చూశాను. పిన్ని పిస్తాపప్పు చేతిలోనే పట్టుకుని ఉండిపోయింది.

"ఏమ్మా, ఇది బాలేదా?" అంది చెల్లి నవ్వుతూ.

"ఇది బాగానే కొట్టేడే," అంది పిన్ని. "చెయ్యి తిరగేసి కొడితే ఉంగరం చెవి వెనకాల దిగుతుంది." అని చెల్లి వేలు పట్టుకుని తన మచ్చ మీద పెట్టింది.

తెర వెలుగులో చెల్లి మొహం కనిపించింది. "అలమార తలుపన్నావు కదమ్మా."

"ఆ ఇంటావిడ పేరు నీకు నోరు తిరగదని అలమార అన్నాను."

చెల్లి వేలు తియ్యలేదు. అలాగే అడిగింది. "నేనెళ్ళేది ఆ ఇంటికేనా?"

"ఆయ్," అంది పిన్ని.

అటు చివర నల్లకళ్ళద్దాల్లోంచి బాబాయి విసుక్కున్నాడు. "ఏంటా గుసగుసలు? సినిమా చూడండే!"

ఇంటర్వెల్‌లో సమోసాల కౌంటర్ దగ్గర చెల్లి తండ్రి ముందు నిలబడింది. "నాన్నా, నేను వెళ్ళనండి," అంది. "అమ్మ నూరిపోసిందేంటే?" అని బాబాయి లాగి కొట్టాడు. చెల్లి చేతిలో సోడా సీసా నేల మీద పడి పగిలింది. రెండో దెబ్బకి చెయ్యి లేచేసరికి మధ్యలో పిన్ని ఉంది. బాబాయి ఆవిడ జుట్టు కుదుళ్ళ దగ్గర పట్టుకుని మెలితిప్పాడు, సినిమాల్లోలా కాదు, పిన్ని చెప్పినట్టే. అలాగే ఒంచి, రాబోయే సినిమా పోస్టరు పెట్టిన అద్దాల పెట్టెకేసి తల కొట్టాడు. అద్దం భళ్ళుమంది. నుదుటి మీంచి నెత్తురు కళ్ళలోకి కారింది. నేను అడ్డం వెళ్ళాను. బాబాయి మోచెయ్యి నా ముక్కుకి తగిలింది. కళ్ళు మూసుకుంటే నాకొక్కడికే వేరే షో కనిపించింది. ఎవడో కుర్రాడు ఈల వేశాడు. "గొడవలుంటే బయట చూసుకోండి బాబూ," అని కౌంటర్ ఆయన సమోసాల పళ్ళెం లోపలికి లాక్కున్నాడు.

అప్పుడు పిన్ని బాబాయి మణికట్టు పట్టుకుంది. ఏళ్ళ తరబడి ఊళ్ళో వాళ్ళ దుప్పట్లన్నీ కలిపినన్ని తడి దుప్పట్లు పిండిన చేతులవి. రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా తిప్పడం మొదలుపెట్టింది. బాబాయి తిట్టాడు. ఇంకాస్త తిప్పింది. బాబాయి పొట్టలో తన్నాడు. పిన్ని ముందుకి తూలింది, నోరు తెరుచుకుంది, అరుపు రాలేదు. చెయ్యి వదల్లేదు. ఊపిరి తిరిగొచ్చాక, ఆయనెదట అలవాటైన మర్యాదతోనే అడిగింది.

"దించుతారా, విరవమంటారా అండీ?"

లోపలెక్కడో కటుక్కుమంది. బాబాయి మోకాళ్ళ మీద కూలబడ్డాడు, నల్లకళ్ళద్దాలు సోడా మడుగులో పడ్డాయి. పిన్ని కుడిచెయ్యి తీసి, తిరగేసి, ఒక్కటంటే ఒక్కటి కొట్టింది. ఈలలు వేసేవాళ్ళు కూడా మానేశారు. పిన్ని వంగి ఆయన మొహంలోకి చూసింది.

"చెవి గుయ్యిమంటోందా అండి?"

బాబాయి తలూపాడు.

"మీకు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది లెండి. నాకింకా తగ్గలేదు." చొక్కా జేబులోంచి పాస్‌పోర్టు తీసుకుని తన హ్యాండుబ్యాగులో పెట్టి జిప్పు లాగింది. "పిల్ల వెళ్ళదు. మీకంత సరదాగా ఉంటే ఏజెంటుగారితో మీరెళ్ళండి. ఆ ముసలావిడ మంచం దగ్గర మీరే కూర్చుందురుగాని."

బెల్లు మోగింది. నేను ఆసుపత్రికి పదమన్నాను. పిన్ని చెంగు మడిచి నుదుటికి అదిమిపెట్టుకుని, "టిక్కెట్లు కొన్నాం కదరా," అని లోపలికి నడిచింది. చెల్లి ఆవిడ నడుం చుట్టూ చెయ్యి వేసి వెళ్ళింది, నేను ముక్కు పట్టుకుని వెళ్ళాను. కాసేపటికి బాబాయి కూడా వచ్చి వరస చివర కూర్చున్నాడు. మరి ఇంటికి వెళ్ళే ఆటో నాదొక్కటే. సెకండాఫ్ అంతా నరుకుళ్ళే. మా వరసలో ఎవరూ ఏమీ అనలేదు, వెనక వరస కూడా అడగలేదు. బాబాయి జేబులో ఫోను మోగుతూనే ఉంది, ఎదురుగా నిలబడ్డ ఏజెంటు అయ్యుంటాడు. ఆ చేత్తో ఆయన ఫోను తియ్యలేకపోయాడు.

సినిమా వదిలాక గవర్నమెంటు ఆసుపత్రిలో కుట్లు వేయించాం. దెబ్బ ఎలా తగిలిందని డాక్టరమ్మ అడిగింది. అందరం పిన్ని వైపు చూశాం. అలమార తలుపు నా నాలుక చివరే ఉంది. "మా ఆయన కొట్టేరండి," అంది పిన్ని. డాక్టరమ్మ బాబాయి చెయ్యి చూసి, "మరి ఇదేంటి?" అంది. "అది నేను మెలిపెట్టేనండి." డాక్టరమ్మ ఇద్దరికీ ఒకే గదిలో కట్లు కట్టింది.

పిన్ని మళ్ళీ కువైట్ వెళ్ళలేదు. మా అమ్మ కూడా "తొందరపడ్డావేమోనే" అంది, మరి మా ఇంటి పేరు నిలబెట్టాలి కదా. పిన్ని పొయ్యి వెలిగించి ఇడ్లీలు అమ్మడం మొదలుపెట్టింది. బాబాయి ఆ ఇంట్లోనే ఉన్నాడు, పిండి రుబ్బుతాడు. మంచివాడైపోయాడని నేను చెప్పను, జాగ్రత్తపరుడయ్యాడు. చెల్లి కాకినాడలో నర్సు చదువు పూర్తి చేసి, ఇప్పుడు రాజమండ్రిలో ఆసుపత్రిలో చేస్తోంది. డ్యూటీలో పెద్దపెద్ద వాళ్ళని గదమాయిస్తుందట గానీ, ఇంటికొస్తే పెరుగన్నం తల్లి కలిపి ముద్ద పెడితేనే తింటుంది, పిల్లితో వంతులేసుకుంటుంది, నాతో తగువు పెట్టుకుని అలిగి పడుకుంటుంది. పిన్ని మొదటిసారి విమానమెక్కినప్పటి వయసు దానికిప్పుడు. అలా విమానానికి బయల్దేరిన రోజు పిన్ని మా అందరి కళ్ళకీ ఎంత బరువైనా మోయగల పెద్దమనిషిలా కనిపించింది. ఇన్నేళ్ళు గడిచి, చెల్లి ఆ వయసుకి వచ్చి నా ఎదురుగా కూర్చున్నాక గానీ తెలియలేదు, ఆ రోజు మేమంతా దండ వేసి పంపించింది ఎంత చిన్నపిల్లనో.