మేం పట్టుకున్న గూఢచారి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా మనవరాలు టీవీలో ఏదో సినిమా పెట్టుకుని పొట్ట పట్టుకుని నవ్వుతోంది. లోకం తెలియని ఇద్దరికి ఎవరివో కాగితాలు దొరుకుతాయి. అవి దేశ రహస్యాలనుకుని, తామే గూఢచారులైపోయినట్టు తిరిగి, ఎదురైనవాళ్లనల్లా ఆపదలోకి నెట్టేస్తుంటారు. నవ్వొచ్చే కథే. నేను మాత్రం సగంలో లేచి వంటింట్లోకి పోయాను, అక్కడా నిలవలేక పెరట్లోకి, మళ్లీ గదిలోకి. కాలు ఒకచోట నిలవడం లేదేమిటని అది అడిగితే ఏదో చెప్పి తప్పించుకున్నాను. నా ఈడువాళ్లు గనక మీతో చెప్పుకుంటున్నాను.

నా పెళ్లికి ముందు సంగతి. విజయనగరంలో మా వదిన, అంటే పెద్దన్నయ్య భార్య, ఇంటి ముందుగదిలో రెండు టైపు మిషన్లు పెట్టి కోర్టు కాగితాలూ కాలేజీ వ్యాసాలూ కొట్టి ఇచ్చేది. రెండో మిషను నాది. ఆవిడ పుట్టిల్లు సముద్రానికి దూరంగా పాతపట్నంలో, వ్యాపారుల ఇల్లు. మా ఇద్దరికీ సముద్రం సంగతి బొత్తిగా తెలియదు గానీ, అద్దెకు తెచ్చుకున్న డిటెక్టివ్ నవలలు కంఠస్థం.

ఒకనాడు కళ్లద్దాలాయన ఒకరు వచ్చి కాగితాల కట్ట ఇచ్చి, ఆదివారం పొద్దున్న కళింగపట్నంలో పని ఉంది, మంగళవారం వచ్చి పట్టుకెళతానని మెత్తగా చెప్పి వెళ్లిపోయారు. విప్పి చూస్తే తేదీలు, ఆటుపోటుల వేళలు, వంశధార సముద్రంలో కలిసేచోటి పటం, దాని పక్కన ‘గుడ్లు నూటపది, ఇసుకలో అడుగున్నర లోతున’ అని రాసి ఉంది.

“గుడ్లు ఎవులైనా ఇసకలో పాతిపెడతారేటే? బాంబులే, సెప్తన్నాను కదా!” అంది వదిన.

పోలీసులకు చెబుదామంటే, పేరంతా వాళ్లే కొట్టేస్తారంది. నాకూ ఆ మాట నచ్చింది. ఆదివారం మొదటి బస్సెక్కి, శ్రీకాకుళంలో మారి, ఎండ ముదరకముందే ఒడ్డున ఉన్నాం. ఆయన ఒంటరిగా మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తవ్వుతున్నారు. అంతే, వదిన పడవల దగ్గరున్నవాళ్ల వైపు చూసి, బాంబులు పాతేస్తున్నాడని కేక పెట్టింది. నేనూ గొంతు కలిపాను.

వాళ్లు పరుగెత్తిన వేగం చూశాక గాని మేం చేసిన పని నాకు తెలియలేదు. ఆయన ఏదో చెప్పబోతున్నారు, దెబ్బల మధ్య ఎవరూ చెప్పనివ్వడం లేదు. చేపలు ఎండబెట్టుకుంటున్న ముసలమ్మ ఒకావిడ అడ్డం పడింది.

“ఓరి సచ్చినోల్లారా, అవి తాబేలు గుడ్లర్రా! ఈ బాబు ఏటేటా వచ్చి లెక్కెట్టుకుంటాడు!”

అప్పటికే ఆయన చెవిలోంచి రక్తం కారుతోంది. అందరూ ఆయనను మోసుకుపోయే హడావిడిలో ఉండగా మేమిద్దరం పడవ చాటునుంచి జారుకుని, ఇంటికి చేరేదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మంగళవారం ఆయన వచ్చారు, ఎడమ చెవికి కట్టుతో. నేను మాట్లాడితే కుడి చెవి ఇటు తిప్పి విన్నారు. పొరపాటున పడి దెబ్బ తగిలిందన్నారు. టైపు చక్కగా కుదిరిందని, తప్పుపడిన ఒక అంకె మేం సరిచేసినందుకు మెచ్చుకున్నారు. వదిన పెదవులు కదిలాయి, చెప్పేయబోయింది. బల్ల కింద ఆవిడ కాలు గట్టిగా తొక్కింది నేనే. ఆయన నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. మళ్లీ ఎన్నడూ రాలేదు. వదిన పోయేముందు కూడా ఒకసారి ఆయన్ని తలచుకుంది. అప్పుడు కూడా నేను మాట మార్చాను.

ఆ రోజుల్లో ఒక మంచివాణ్ణి దొంగను చెయ్యడానికి రెండు బస్సులెక్కి, గొంతు చించుకోవలసి వచ్చింది. ఇప్పుడు ఫలానావాడు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాడంటూ ఫొటోతో సహా మెసేజీలు నా ఫోనుకే వస్తాయి, మంచం మీంచి కదలనక్కర్లేదు. నేను ఎవరికీ పంపను, చెరిపేస్తాను. కానీ ఇది అబద్ధమేమో, ఆగండని ఒక్క ముక్క రాయడానికి మాత్రం ఈ వయసులో కూడా నాకు చెయ్యి రావడం లేదు.