గడ్డకా, గెడ్డకా?

దయ్యాన్ని చూశామని ఎవరైనా అంటే ముందు వాళ్ల కళ్లు పరీక్ష చేసే మనిషిని నేను. వేళాకోళం కాదు, నా పనే అది. రాంగోపాల్‌పేట్‌లో మాకు కళ్లద్దాల దుకాణం ఉంది. చీకట్లో తెల్లచీర చూశామని వచ్చినవాళ్లకు చాలాసార్లు నంబరు మారి ఉంటుంది, లేదా నిద్ర చాలక ఉంటుంది. ఇప్పటికీ నా అభిప్రాయం పెద్దగా మారలేదు. కానీ కిందటి చలికాలం నదిలో మాకు జరిగింది చెవులకు సంబంధించిన విషయం, చెవుల గురించి నాకు అంతగా తెలియదు.

ముందు ఒక మాట గురించి చెప్పాలి.

మా ఆవిడ గౌరిది శ్రీకాకుళం వైపు. పెళ్లయిన కొత్తలో, చిన్నప్పుడు రోజూ గెడ్డలో స్నానం చేసేవాళ్లమని మా అమ్మతో అంది. వాళ్ల వైపు గెడ్డ అంటే వాగు. మా వైపు గడ్డ అంటే ఒడ్డు, పొడి నేల.

"గడ్డ మీద తానమేందే? నీళ్లు ఏడికెల్లి వస్తయి?" అని అమ్మ పరేషాన్ అయిపోయింది.

అప్పటి నుంచి మారేడ్‌పల్లిలో మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా అమ్మ ఆ కథ చెప్పి నవ్వించేది. గౌరి కూడా నవ్వేది గానీ, ఆ మాట మా ఇంట్లో అనడం మాత్రం మానేసింది.

గౌరి తమ్ముడు నాయుడు బోయిన్‌పల్లిలో ఉంటాడు. వాడికీ నాకూ కలిపి కయాకింగ్ పిచ్చి పట్టింది. కొన్నాళ్లు ఒక చెరువులో శిక్షణ తీసుకుని, గాలి నింపే చిన్న పడవలు, కయాకులు, చెరొకటి కొనుక్కున్నాం. గైడు లేకుండా మేమే ఒక నది మీద పొద్దున దిగి, భోజనం వేళకు కింది ఊళ్లో తేలాలని మా పథకం. తేలడం అంటే మామూలు అర్థంలోనే.

నాయుడికి ఈత అంతంతమాత్రం. పైగా పెళ్లి కుదిరింది. గౌరి నాతో ఒకటే మాట అంది: "తమ్ముణ్ని ఎలా తీసుకెళ్తున్నారో అలాగే తీసుకురండి."

ఆ మాట నన్ను వారం పాటు నిద్రపోనివ్వలేదు. లైఫ్ జాకెట్లు తొడిగించి, భుజాల దగ్గర పట్టి పైకి లాగి మరీ చూశాను. జాకెట్‌కు ఈలలు కట్టాం. ఎక్కడ దిగుతామో, ఎక్కడ ఎక్కుతామో, ఎన్నింటికి ఫోన్ చేస్తామో గౌరికి చెప్పాం. బావ పులిహోర డబ్బాకు కూడా తాడు కట్టాడని నాయుడు తన ఆఫీసంతా చాటింపు వేశాడు. దారిని ఫోన్ మ్యాప్‌లో గీత గీతగా చూసుకున్నాం. ఆ మ్యాప్ పాతదని మాత్రం మాకు తెలియదు.

ఎండ హాయిగా ఉంది. నది నిండుగా, నిదానంగా వెళ్తోంది. కాబోయే పెళ్లాం చూడాలని నాయుడు తన ఫోన్‌ను వాటర్‌ప్రూఫ్ కవరులో పెట్టి ఛాతీకి కట్టుకుని వీడియో తీస్తున్నాడు. వాడు ముందు, ఎడమవైపుగా. నేను కాస్త వెనక, కుడి ఒడ్డుకు దగ్గరగా. గాలి మా వెనక నుంచి వీస్తోంది. ముందున్న చప్పుళ్లు ఏవీ మాకు వినిపించకపోవడానికి అదే కారణమని తర్వాత అర్థమైంది.

ఒక మలుపు తిరిగాక కుడివైపు నుంచి ఎవరో పిలిచారు. పెద్ద వయసు ఆడమనిషి గొంతు. అరుపు కాదు, పక్కింట్లోంచి పిలిచినట్టు.

"గడ్డకు తిప్పు బిడ్డా."

ఒడ్డుకు రమ్మంటోంది. ఎందుకని అడగాలని కూడా తోచలేదు. చేతులు వాటంతటవే తెడ్డు వేశాయి. ఒడ్డున తుమ్మకొమ్మ పట్టుకుని నది వైపు చూశాను. నాయుడు నా వైపు రావడం లేదు. ఎడమవైపు ఒక సన్నటి వాగు వచ్చి నదిలో కలుస్తోంది. కయాక్ ముక్కు దాని వైపు తిప్పాడు.

"నాయుడూ, ఇటు రా. గడ్డకు, ఇటు" అని కేకలు వేశాను. ఈల ఊదాను. వాడు తల కూడా తిప్పకుండా తుంగలోకి దూరి కనిపించకుండా పోయాడు.

గౌరికి ఏం చెప్పాలి? అంత భయం నేనెప్పుడూ పడలేదు. చివరికి అవతలి నుంచి వాడి ఈల వినబడింది.

ఒడ్డు వెంట నాలుగడుగులు నడిచి ముందు ఏముందో చూశాను. కొత్తగా కట్టిన చెక్‌డ్యామ్. ఎగువ నుంచి చూస్తే నీళ్లు చదునుగానే కనిపిస్తాయి, కిందికి మాత్రం మత్తడి దుంకుతోంది, కట్ట మీంచి నీళ్లు పొర్లి పడుతున్నాయి. దాని కింద నీళ్లు గుండ్రంగా తిరుగుతూ, పడిన కొమ్మను బయటికి వదలకుండా మళ్లీ మళ్లీ ముంచుతున్నాయి.

నది నడుమ లాగుడు ఎంత ఉందో అప్పుడు తెలిసింది. నా కేక విని నాయుడు ఇటు దాటబోయి ఉంటే నేరుగా అందులోకే పోయేవాడు. వాడి వైపు ఒడ్డు గోడలా నిట్టనిలువుగా ఉంది, ఎక్కే వీలు లేదు. వాడికి ఉన్న ఒకే దారి ఆ వాగు.

నాయుడు వాగులోంచి గట్టెక్కి, కయాక్ మోసుకుంటూ అవతలి ఒడ్డు వెంట కిందికి నడిచాడు. మత్తడి దాటాక వల ఆరేసుకుంటున్న ఒకాయన వాణ్ని నీళ్లు నెమ్మదించిన చోట ఇవతలికి దాటించాడు. కుడి ఒడ్డు నుంచి పిలిచిన అవ్వ ఎవరని అడిగాను.

"అవ్వ ఏడికెల్లి వచ్చె సారూ? గా దిక్కు ఇండ్లు లేవు, పొలాలు సుత లేవు. మొన్న గీడనే బర్రె పడి మునిగింది. మీ నసీబు మంచిగుంది" అన్నాడు.

నాయుడు నా మొహం చూశాడు. "కుడిపక్కేటి బావా? ఎడమపక్క నుంచి కదా పిలిచింది. మా ఊరి మనిషే. గెడ్డకి తిప్పీ బాబూ అన్నాది."

"బాబూ అనలేదురా, బిడ్డా అంది. గడ్డకు అంది."

"గెడ్డకి."

పులిహోర తింటూ, కారు నడుపుతూ, బోయిన్‌పల్లి దాకా అదే తగువు.

రాత్రి మా ఇంట్లో గౌరి, అమ్మ, మేము కలిసి ఆ వీడియో చూశాం. తెడ్డు చప్పుడు, కొంగలు, నాయుడి కూనిరాగం. పిలుపు ఎక్కడా లేదు. కానీ ఉన్నట్టుండి రాగం ఆపి నాయుడు ఎంతో మర్యాదగా, "ఆఁ, తిప్పుతున్నానమ్మా" అన్నాడు. అదే క్షణంలో దూరం నుంచి నా గొంతు, "హా అమ్మా, వస్తున్న" అని. నేను జవాబిచ్చిన సంగతి నాకు ఈరోజుకీ గుర్తు లేదు.

గౌరి తమ్ముడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. అమ్మ లేచి వెళ్లి దీపం పెట్టింది.

గాలి, నీళ్ల చప్పుడు కలిసి మాటలా వినిపించి ఉండవచ్చు. ఇద్దరికీ ఒకేసారి, చెరో యాసలో, ఎవరికి కావాల్సిన దారి వాళ్లకు ఎలా వినిపించిందో మాత్రం నేను చెప్పలేను. ఇప్పటికీ వెళ్తున్నాం. ఇప్పుడైతే ముందు ఒడ్డు వెంట నడిచి చూస్తాం, ఊళ్లో అడుగుతాం, ఆ తర్వాతే నీళ్లలోకి.

అమ్మ ఆ పాత కథ చుట్టాలకు చెప్పడం మానేసింది. మొన్న బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చి, నన్ను గడ్డ పొంటి, అంటే ఒడ్డు వెంటే, పొమ్మంది. తర్వాత నాయుడి జాకెట్ బిగించి, ఆ మాట నోరు తిరగక రెండోసారి సరిచేసుకుని, "నువ్వు జెర గెడ్డ చూస్కుంట పో బిడ్డా" అంది. గౌరి లోపలికి వెళ్లి కళ్లు తుడుచుకుంది.